చుక్కల తాంబేలు: సింధు ఇసుక నుంచి సింహళం దాకా



పోయిన వారం పదును వాన పడింది కదా. తెల్లారి చేనికి పోతే కిత్తనార కంచె పక్కన చుక్కల తాంబేలు ఒకటి గరిక కొరుకుతూ కనబడింది. నా వెంట మా అన్న మనవడు ఉన్నాడు, ఎనిమిదో తరగతి. వాడు దాన్ని చూసి అడిగిన మొదటి మాట ఏందో తెలుసా? "తాతా, దీన్ని అమ్మితే ఎంత వస్తాది?"

వాణ్ణి తిట్టబుద్ధి కాలేదు. ఆ మాట వాడు ఎక్కడో పెద్దవాళ్ల నోట విన్నదే. కానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మన గట్ల మీద తిరిగే ఈ జీవం సంగతి మనకే సరిగా తెలీదు, ధర మాత్రం పిల్లలకు కూడా తెలుసు. అందుకే ఈసారి టమోటా రేట్ల గురించి కాకుండా తాంబేలు చరిత్ర రాస్తున్నా. కొంచెం పొడుగు పోస్టు, ఓపిగ్గా చదవండి.

ముందు ఒక పటం గీద్దాం. పిల్లల నోట్ బుక్కులో మన దేశం పటం తీసుకుని, పక్కన పాకిస్తాన్, కింద శ్రీలంక కూడా కలుపుకోండి. ఈ తాంబేలు సహజంగా ఉండే చోట్లకు పసుపు రంగు వేస్తే మూడు మచ్చలు పడతాయి.

మొదటి మచ్చ వాయవ్యంలో. పాకిస్తాన్ సింధు రాష్ట్రం ఆగ్నేయ భాగం, దానికి ఆనుకుని మన రాజస్థాన్, గుజరాత్. కచ్, సౌరాష్ట్ర ప్రాంతాల్లో ఇది రైతులకు బాగా తెలిసిన జీవం. రెండో మచ్చ మన దక్షిణాన. ఆంధ్రలో ముఖ్యంగా మన రాయలసీమ, దానికి అంటుకుని ఉన్న కర్ణాటక తూర్పు జిల్లాలు, ఆ కింద తమిళనాడు మెట్ట భూములు. మూడోది శ్రీలంకలో, అదీ ద్వీపమంతా కాదు. వాన తక్కువ పడే ఉత్తరం, తూర్పు, ఆగ్నేయం వైపు మాత్రమే. తమిళులు దీన్ని నట్చత్తిర ఆమై అంటారు, సింహళీయులు తారక ఇబ్బా అంటారు. మూడు చోట్లా చుక్కను చూసే పేరు పెట్టారు.

ఇప్పుడు అదే పటం మీద వాన లెక్క పెట్టి చూడండి. నైరుతి మేఘం కేరళ, కొంకణం వైపు నుంచి వచ్చి పడమటి కనుమలకు కొట్టుకుని అక్కడే కుమ్మరించి, ఖాళీ కడవతో మన దిక్కు వస్తుంది. ఈశాన్య వానేమో తూర్పు తీరంలో పడి, లోపలికి వచ్చేసరికి అలిసిపోతుంది. అందుకే అనంతపురం జిల్లాకు ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కలే వాన. మనం తరతరాలుగా ఏడ్చే ఈ వాననీడే తాంబేలుకు పుట్టిల్లు.

దీనికి మంచి సాక్ష్యం కేరళలో ఉంది. కేరళ అంటే వానల దేశం, అక్కడ చుక్కల తాంబేలుకు పనేముంది అనుకుంటాం. కానీ కనుమలకు తూర్పు పక్కన, తమిళనాడు సరిహద్దులో చిన్నార్ అనే అభయారణ్యం ఉంది. అది కనుమల నీడలో పడిపోయిన ఎండు నేల. కేరళలో ఈ తాంబేలు బతికే చోటు అదే. కొండకు ఆ పక్క ఏలకుల తోట, ఈ పక్క ముళ్ల పొదలు, ముళ్ల పొదల్లో మన తాంబేలు.

అట్లాగని ఇది వట్టి ఎడారి జీవం కూడా కాదు. జైసల్మేరు దిక్కు ఏడాదికి 200 మిల్లీమీటర్ల లోపే వాన. అట్లాంటి ఎడారి నడిబొడ్డు కంటే ఎడారి అంచులే దీనికి బాగా సరిపోతాయి. ముళ్ల పొద ఉండాల, పొద కింద నీడ ఉండాల, పొదకూ పొదకూ మధ్య గడ్డి ఉండాల, ఏడాదిలో కొన్ని నెలలైనా ఆ గడ్డి పచ్చగా ఉండాల. మరీ తడి పనికిరాదు, మరీ ఇసుకా పనికిరాదు. సరిగ్గా మన బీడు లాంటి నేల అన్నమాట.

ఇంక దీని పేరు కథ. తెల్లదొరల శాస్త్రంలో దీనికి పేరు పెట్టింది షోఫ్ అనే జర్మన్ వైద్యుడు, 1790ల్లో. ఆయన పెట్టిన పేరులో 'ఎలిగాన్స్' అనే మాట ఉంది. సొగసైనది అని అర్థం. కానీ ఆ తర్వాత కూడా చాలా ఏళ్లు గందరగోళం నడిచింది. దక్షిణాఫ్రికాలో గీతల తాబేలు ఒకటి ఉంది. దాని వీపు మీద కూడా ఇట్లాంటి గీతలే. అందుకని మన దాన్ని కూడా ఆ పేరుతోనే పిలిచేవాళ్లు. 1837లో హట్టన్ అనే ఇంగ్లీషు సైనికాధికారి కలకత్తా పత్రికలో మన తాంబేళ్ల నడవడి గురించి రాశాడు, ఆయన వాడింది కూడా ఆ ఆఫ్రికా పేరే. 1931లో మాల్కం స్మిత్ అనే ఆయన మన దేశపు తాబేళ్ల మీద పెద్ద పుస్తకం వేశాడు. ఆయన కాలానికి ఈ పేర్ల చిక్కు తీరిపోయింది.

గీతలు ఎందుకు ఒకటిగా ఉన్నాయో మనలాంటి వాళ్లకు అర్థమవుతుంది. నల్లటి పెంకు మీద ఒక్కో దిబ్బలో నడుమ పసుపు చుక్క, అక్కడి నుంచి పసుపు గీతలు నాలుగు పక్కలకూ. చేతిలో పట్టుకుంటే ఎంత కొట్టొచ్చినట్టు కనబడుతుందో, ఎండు బోద గడ్డిలో పెడితే అంత మాయమైపోతుంది. గడ్డి పరకలూ వాటి నీడలూ ఎట్లా పడతాయో ఆ పెంకు మీద అట్లానే గీసి ఉంది. ఆఫ్రికాలోనూ, మడగాస్కర్ దక్షిణాన ఎండు ముళ్ల అడవిలో ఉండే ఇంకో గీతల తాబేలు విషయంలోనూ ఇదే కథ. ఎండు నేలలు ఎక్కడున్నా దాక్కునే ఉపాయం ఒకటే.

ఆ పెంకు ఆకారంలో ఇంకో విడ్డూరం ఉంది. హంగరీ దేశంలో డొమోకోష్, వార్కొని అనే ఇద్దరు లెక్కల పండితులు 2006లో ఒక వస్తువు తయారు చేశారు. దాన్ని ఎటు పక్క పడేసినా తనంతట తానే లేచి ఒకే తీరుగా కూర్చుంటుంది. లోపల బరువు గుండు లాంటిదేమీ లేదు, వట్టి ఆకారం వల్లనే. తర్వాత వాళ్లు రకరకాల తాబేళ్ల పెంకులు కొలిచి చూస్తే, ఆ ఆకారానికి బాగా దగ్గరగా వచ్చిన వాటిలో మన చుక్కల తాంబేలు ఒకటి. రాళ్లూ రప్పలూ ఉండే గుట్టల్లో వెల్లకిలా పడితే ఎండకు చావే కదా. పొడుగ్గా, బోర్లించిన చట్టి మాదిరి ఉండే ఆ వీపే దాన్ని మళ్లీ నిలబెడుతుంది.

మూడు మచ్చలు అన్నాను. శ్రీలంకకు ఇది ఎట్లా పోయింది, సముద్రం ఈదిందా అని మీరు అడగొచ్చు. ఇది నేల తాబేలు, ఈత దాని పని కాదు. కానీ ఇరవై వేల ఏళ్ల కిందట లోకమంతా చలి ముదిరి, నీళ్లు మంచుగా గడ్డకట్టి, సముద్రమట్టం ఇప్పటికంటే 100 మీటర్ల పైనే దిగిపోయి ఉండేది. రామేశ్వరానికీ లంకకూ మధ్య సముద్రం లోతు బాగా తక్కువ. అప్పట్లో అదంతా ఎండు నేలే. అట్లాంటి కాలాల్లో జంతువులు నడిచి పోవడానికి దారి ఉండింది. తర్వాత నీళ్లు ఎక్కాయి, దారి మునిగింది, అవతల పోయినవి అవతలే నిలిచిపోయాయి.

ఇంకా వెనక్కి పోతే ఆశ్చర్యం. 1830ల్లో ఫాల్కనర్, కాట్లీ అనే ఇద్దరు ఉత్తరాన శివాలిక్ కొండల్లో తవ్వకాలు చేస్తే రాతిగా మారిన ఒక రాకాసి నేల తాబేలు ఎముకలు దొరికాయి. పెంకే మనిషి పొడుగును మించినది. ఒకప్పుడు మన నేల మీద అట్లాంటివి తిరిగాయి. అవి పోయాయి. చిన్నది, గడ్డిలో దాక్కోగలిగినది, తక్కువ తిండితో గడుపుకోగలిగినది మిగిలింది.

వాయవ్యపు మచ్చకూ మన మచ్చకూ మధ్య వందల కిలోమీటర్ల ఎడం ఉంది. ఆ దూరం వట్టి పటం మీది దూరం కాదు, రక్తంలో కూడా ఉందని డీఎన్ఏ పరీక్షల్లో తేలింది. వాయవ్యపు తాంబేళ్లు ఒక వంశం, మన దక్షిణాదివి వేరే వంశం. చూపులో కూడా తేడా ఉంది. గుజరాత్, రాజస్థాన్ వైపువి సైజులో పెద్దవి, రంగు కొంచెం మసక. మనవి చిన్నవి, కానీ పసుపు నలుపు తేటగా ఉంటాయి. లంకవి మళ్లీ పెద్దవి. ఏ చోటిదైనా మగదాని కంటే ఆడది పెద్దది. ఒంగోలు గిత్తా గిర్ ఆవూ రెండూ పశువులే, కానీ ఏ నేల పశువు ఆ నేలకు తగ్గట్టు తయారైంది కదా, ఇదీ అట్లాగే. ఈ ముక్క గుర్తు పెట్టుకోండి, చివర్లో మళ్లీ పనికొస్తాది.

మన మచ్చ మీదికి వద్దాం. అడవిలో ఉండే జీవానికి మన చేనితో పనేమి అనుకోవద్దు. ఈ తాంబేలు దట్టమైన అడవిలో ఉండదు. బీడు, గుట్ట పాదం, చెనిక్కాయ చేను అంచు, గట్టు, జెముడు కంచె, ఇవే దాని తావులు. అంటే దాని ఇల్లు చాలావరకు ఫారెస్టోళ్ల కంచె లోపల లేదు. నీ పట్టాదారు పాసుపుస్తకంలో, నా పాసుపుస్తకంలో ఉంది.

దాని పంచాంగం కూడా మన పంచాంగమే. ఎండాకాలమంతా పొద కింద, ఆకు చెత్తలో ముడుచుకుని ఉంటుంది. తొలకరి పడితే మనం గొర్రు దించినట్టు అదీ బయటికి వస్తుంది. పొద్దున, సాయంత్రం మేస్తుంది, నడి మధ్యాహ్నం నీడకు చేరుతుంది. గరిక, పడిన పూలు, రేగుపండ్లు, నాగజెముడు పండ్లు దాని తిండి. నాగజెముడు అమెరికా నుంచి వచ్చిన మొక్క, తెల్లోళ్ల ఓడలు రాకముందు మన నేల మీద లేదు. వచ్చాక దాన్ని కూడా తినడం నేర్చుకుంది. మగవి ఒకదాన్నొకటి నెట్టుకుని పొర్లించుకునేది కూడా వానల్లోనే.

ఆడది వెనక కాళ్లతో గుంత తీస్తుంది. నేల గట్టిగా ఉంటే తన మూత్రంతో తడిపి మెత్తబరుస్తుంది. అందులో నాలుగైదు గుడ్లు పెట్టి, మన్ను కప్పి, పొట్టతో అదిమి చదును చేసి పోతుంది. చూస్తే అక్కడ ఏమీ లేనట్టే ఉంటుంది. ఆ గుడ్లు పిల్లలు కావడానికి నెలల కాలం పడుతుంది. ఆ పిల్ల పెరిగి మళ్లీ గుడ్డు పెట్టడానికి ఏళ్లు. కోడి మాదిరి కాదు. ఒక ఊరి తాంబేళ్లను ఒక్క సీజనులో ఏరేస్తే ఆ ఊరికి మళ్లీ తాంబేలు రావడానికి మన జీవితం చాలదు.

అదే జరుగుతున్నది. పెంపుడు జీవాలుగా పెట్టుకోవడానికి విదేశాల్లో వీటికి గిరాకీ. మన దగ్గర కూడా ఇంట్లో ఉంటే కలిసొస్తాదని నమ్మకం పుట్టించారు. 2015లో పరిశోధకులు ఒక లెక్క బయటపెట్టారు. మన దేశంలో ఒక్క వ్యాపార కేంద్రం నుంచే ఏడాదికి కనీసం 55,000 చుక్కల తాంబేళ్లు పోతున్నాయని. అన్ని చోట్లా కలిపి కాదు, ఒక్క చోటు నుంచి. లోకంలో దొంగతనంగా అమ్ముడయ్యే నేల తాబేళ్లలో ఇది ముందు వరసలో ఉంది. బట్టల్లో చుట్టి, టేపు వేసి, సూట్ కేసుల్లో కుక్కి విమానం ఎక్కిస్తారు. దారిలో చచ్చేవి ఎన్నో.

ఇక్కడ ఒక మాట చెప్పకుండా ముందుకు పోతే నేను మీకు నీతులు చెప్పిన పెద్దమనిషిని అవుతాను. 2002 కరువు మీకు గుర్తుంది కదా. జూలై నెలంతా మేఘం మొహం చూపలేదు. వేసిన విత్తనం వేసినట్టే మాడిపోయింది. ఆ ఏడు మా ఊరికి ఒకడు మోటారు సైకిలు మీద వచ్చేవాడు. తాంబేలుకు ఇరవై రూపాయలు. నేనూ గోతం పట్టుకుని గుట్ట పాదానికి పోయినా. మూడు రోజుల్లో పదకొండు ఏరి ఇచ్చినా. 220 రూపాయలు వచ్చాయి. గొడ్లకు మేత కొన్నా, రెండు రోజులు కూడా రాలేదు. ఆ గుట్ట పాదాన ఆ తర్వాత పన్నెండేళ్లు నాకు ఒక్క తాంబేలు కనబడలేదు. ఎవరో చెప్పిన లెక్క కాదు ఇది, నా కళ్లతో చూసింది. మోటారు సైకిలోడు ఎంతకు అమ్ముకున్నాడో, పైవాడు ఎంతకు అమ్ముకున్నాడో నాకు తెలీదు. ఇరవై రూపాయలకు అమ్ముడుపోయింది మాత్రం నేను.

చట్టం సంగతి కూడా తెలుసుకోండి, పిల్లలకు చెప్పండి. 1972 వన్యప్రాణి చట్టం కింద దీన్ని పట్టడం, పెంచడం, అమ్మడం నేరమే. 2019 ఆగస్టులో జెనీవాలో దేశాలన్నీ కూర్చున్నప్పుడు మన దేశం, శ్రీలంక అడిగితే దీన్ని అంతర్జాతీయ వ్యాపార నిషేధ పట్టికలో అన్నిటికంటే పైమెట్టున పెట్టారు. 2022లో మన చట్టాన్ని సవరించి దీన్ని మొదటి షెడ్యూలులోకి తెచ్చారు. పులి ఉన్న షెడ్యూలు అది. దొరికితే మూడేళ్లకు తగ్గకుండా, ఏడేళ్ల దాకా జైలు. పైవాడు ఎప్పుడూ దొరకడు, గోతం పట్టుకున్నవాడే దొరుకుతాడు. ఇంట్లో అదృష్టం కోసం తొట్టిలో పెట్టుకున్నా అదే కేసు.

పొరుగు దేశం బర్మాలో ఏమైందో చూడండి. ఆ దేశం నడుమ కూడా మన సీమ లాంటి వాననీడ నేల ఉంది. పడమటి కొండలు వానను ఆపేస్తాయి. అక్కడ మన తాంబేలుకు చెల్లెలి వరస అయిన ఇంకో చుక్కల తాబేలు ఉండేది. 2000 దాటేసరికి అడవిలో అది దాదాపు అయిపోయింది. అప్పుడు 200 కూడా లేని తాబేళ్లను కంచెల్లో పెట్టి, గుడ్లు పొదిగించి, ఏళ్ల తరబడి కాపలా కాస్తే ఇప్పుడు వేలల్లోకి వచ్చాయి. బతికించుకున్నారు, సంతోషమే. కానీ అన్నేళ్ల కష్టం, అంత ఖర్చు ఎందుకు? పోకముందే ఊరుకుంటే సరిపోయేది కదా. మనం ఇంకా ఆ గీత ఇవతలే ఉన్నాం.

ఇంక ఇందాక గుర్తు పెట్టుకోమన్న ముక్క. పట్టుబడిన తాంబేళ్లను తెచ్చి ఏదో ఒక అడవిలో వదిలేస్తే పుణ్యం వచ్చిందని అనుకుంటాం. ఒకప్పుడు సింగపూరులో పట్టుబడిన తాంబేళ్లను మన దేశానికి వెనక్కి తెస్తే, అవి ఏ నేలవో తెలుసుకోవడానికి హైదరాబాదు సీసీఎంబీ శాస్త్రవేత్తలు డీఎన్ఏ పరీక్షలు చేయాల్సి వచ్చింది. 2006లో ఆ పని మీద వ్యాసం కూడా వేశారు. ఎందుకంత తిప్పలు? గుజరాత్ దాన్ని తెచ్చి మన గుట్టలో వదిలితే రెండు వంశాలు కలగాపులగం అవుతాయి, బయటి రోగాలు వస్తాయి. వేల ఏళ్లుగా ఈ నేలకు తగ్గట్టు తయారైన గుణం చెడుతుంది. విత్తనం కల్తీ అయితే ఏమవుతుందో మనకు ఒకరు చెప్పాలా?

మన చేతిలో ఉన్నవి చిన్న పనులే. చేనిలో కనబడితే దాని దారిన దాన్ని పోనీయండి. మంచి చేస్తున్నామని దూరం కొండకు తీసుకుపోయి వదలొద్దు. అది పుట్టిన చోటు చుట్టూ తిరిగే జీవం, కొత్త చోట దారి తప్పి చస్తుంది. కల్టివేటర్ కింద పడేట్టు ఉంటే ఎత్తి అదే కంచె పక్కన పెట్టండి. గట్టు గడ్డికి నిప్పు పెట్టే ముందు ఒక్కసారి కట్టెతో కదిలించి చూడండి, పొద కింద ఉన్నది పరిగెత్తలేదు. జెముడు కంచె మొత్తం జేసీబీతో పెరికి అడుగు సందు లేని మెష్ వేస్తున్నారు. కింద జానెడు సందు అక్కడక్కడ వదిలినా చాలు. ఇంట్లో పెంచుతున్న వాళ్లు ఎవరైనా ఉంటే గుట్టుగా గుట్టలో వదలకుండా అటవీ శాఖ వాళ్లకు అప్పజెప్పండి.

మా అన్న మనవడికి ఆ రోజు ఇదంతా చెప్పలేదు. పదకొండు తాంబేళ్ల సంగతి మాత్రం చెప్పినా. వాడు కాసేపు ఏమీ అనలేదు. తర్వాత "మళ్లీ వచ్చింది కదా తాతా, ఇది ఎవరి పిల్లో" అన్నాడు. నాకు జవాబు రాలేదు. అప్పుడు నా గోతానికి దొరకకుండా ఏ పొదలోనో మిగిలిపోయిన దాని పిల్లే అయ్యుంటాది.

చివరగా ఒక్క మనవి. ఈ పోస్టుకు నేను ఫోటో పెట్టలేదు, చేను ఏ ఊరి పొలిమేరలో ఉందో రాయలేదు, చూశారా? మీరు కూడా "మా ఊళ్లో ఫలానా గుట్ట దగ్గర చానా ఉన్నాయి అన్నా" అని కామెంట్లో రాయొద్దు. మన పోస్టులు మన రైతులే చదువుతారని లేదు. మోటారు సైకిలోడి చేతిలో కూడా ఇప్పుడు స్మార్ట్ ఫోను ఉంది. ఉన్నాయని మనకు తెలిస్తే చాలు.